రక్షించిన వన్యప్రాణులను చూడడానికి కుటుంబంతో ఎలా వెళ్ళాలి: వరంగల్ ప్రాంత వాసుల కోసం

వ్యవసాయ బావిలో పడిన ఎలుగుబంటి, అడవిపందుల కోసం పన్నిన ఉచ్చులో కాలు ఇరుక్కున్న చిరుతపులి, కుక్కలు తరమగా ఊళ్ళోకి పరుగెత్తి వచ్చిన చుక్కల దుప్పి, పతంగుల మాంజాకు రెక్క తెగిన గద్ద వంటి వార్తలు ఉత్తర తెలంగాణ జిల్లాల వారికి కొత్త కావు. వాటిని విన్న పిల్లలు సహజంగానే, ఆ జంతువుకు తర్వాత ఏమైందని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు కళ్ళారా చూపించాలని ఒక రోజు కేటాయించుకునే కుటుంబాలు ఆ రోజును ఎలా గడపాలో, ఏయే పొరపాట్లకు దూరంగా ఉండాలో ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను.

1. ఎక్కడికి వెళ్ళవచ్చో, ఎక్కడికి వెళ్ళకూడదో ముందుగా తేల్చుకోండి

గాయపడిన జంతువుకు చికిత్స చేసే చోటు, జనం జంతువులను చూసే చోటు ఒకటి కావు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించినప్పుడు, జూ అంటే ఏమిటో చెప్పే నిర్వచనంలోనే రక్షణ కేంద్రాలను ప్రదర్శనకు పెట్టని విభాగాలుగా పేర్కొన్నారు. చికిత్స పొందుతున్న జంతువు మనిషి ముఖం ఎంత తక్కువగా చూస్తే, తిరిగి అడవికి వెళ్ళి బతకగలిగే అవకాశం అంత ఎక్కువగా ఉంటుంది. అందువల్ల మంచి కేంద్రం మిమ్మల్ని ఆ గదుల దగ్గరికి రానివ్వదు. రానివ్వనందుకు నొచ్చుకోకూడదని, అది ఆ జంతువు పట్ల చూపుతున్న శ్రద్ధ అని ఇంట్లో అందరికీ బయలుదేరక ముందే చెప్పండి.

వరంగల్ వారికి అందుబాటులో ఉన్నది హనుమకొండ హంటర్ రోడ్డులోని కాకతీయ జంతు ప్రదర్శనశాల. 1985లో ఏర్పాటైన ఈ చోటును పాత తరం వారు ఇప్పటికీ వన విజ్ఞాన కేంద్రం అనే పిలుస్తారు. కాజీపేటలో దిగినా, వరంగల్ స్టేషన్లో దిగినా ఆటోలో చేరుకోవచ్చు. ఇది హైదరాబాద్ నెహ్రూ జూ పార్కు అంత పెద్దది కాదు, చిన్నపిల్లలు, పెద్దవారు ఉన్న కుటుంబానికి అదే దీనిలోని సుగుణం. ఒక్కో ఎన్‌క్లోజర్ దగ్గర తీరికగా నిలబడినా పూట గడిచేసరికి అంతా చూడవచ్చు.

నిర్మల్, ఆదిలాబాద్ వైపు వారికి మరొక చోటు ఉంది. నిర్మల్ జిల్లా సారంగాపూర్ మండలం చించోలి దగ్గర, గండి రామన్న హరితవనంలో, 2020 డిసెంబరులో రాష్ట్రంలోనే మొదటి కోతుల రక్షణ, పునరావాస కేంద్రాన్ని ప్రారంభించారు. ఊళ్ళలో పట్టుకున్న కోతులకు అక్కడ సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసి, కోలుకున్న తర్వాత అడవిలో వదులుతారు. కోతుల బెడదతో మక్కజొన్న, కూరగాయల సాగునే మానుకున్న రైతులున్న మన ప్రాంతంలో ఈ పని ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. అయితే శస్త్రచికిత్స జరిగే భాగం ఆసుపత్రి వార్డు వంటిది కాబట్టి, అటవీ శాఖ అధికారుల అనుమతి లేకుండా అటు వెళ్ళే ప్రయత్నం చేయకండి. వనానికి వచ్చే దారిలో గాని, వనంలో గాని కోతులు కనిపిస్తే వాటి కళ్ళలోకి సూటిగా చూడవద్దని, పళ్ళు ఇకిలించడం నవ్వు కాదని పిల్లలకు చెప్పండి. కోతి కరిచినా, గీరినా ఆ గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాల పాటు కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. పసుపు గాని, సున్నం గాని పెట్టకూడదు.

2. రోజును, వేళను ఎంచుకోండి

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. మే నెల ఎండల్లో వెళితే మీకూ కష్టమే, జంతువులూ నీడకు చేరి కనిపించవు. ఏ కాలంలోనైనా తలుపులు తెరిచే వేళకే చేరుకోండి, ఎందుకంటే ఉదయపు చల్లదనంలో అవి మేతకు, తిరుగుడుకు బయటికి వస్తాయి. ఆదివారాలు, పండుగ మరుసటి రోజులు మానుకోవడం మంచిది. జూలకు వారంలో ఒక రోజు సెలవు ఉండడం మామూలే కాబట్టి, సెలవు దినాన్ని, టికెట్టు ధరను ముందు రోజు ఫోను చేసి తెలుసుకోండి. అదే రోజు వేయి స్తంభాల గుడి, భద్రకాళి గుడి, ఖిలా వరంగల్ అన్నీ చుట్టేయాలని పథకం వేయకండి. తొందరలో ఉన్న కుటుంబం బోను ముందు నిమిషం కూడా నిలబడదు, నిమిషంలో ఏ జంతువూ తన సహజ ప్రవర్తన చూపదు.

3. ముందు రోజు రాత్రి పిల్లలతో మాట్లాడండి

ఈ మెట్టును దాటవేయవద్దని నా గట్టి విన్నపం. కొన్ని జంతువులకు కాలు లేకపోవచ్చు, కన్ను పోయి ఉండవచ్చు, మెడ మీద ఉచ్చు కోసిన మచ్చ ఉండవచ్చు. హఠాత్తుగా చూస్తే చిన్నపిల్లలు భయపడతారు, కొందరు నవ్వుతారు కూడా. ఆ గాయం ఎలా అయిందో ముందే తెలిసిన పిల్లలు నవ్వరు.

రక్షణ, పునరావాసం అంటే ఏమిటో కూడా అప్పుడే చెప్పండి. అడవిలో పట్టుబడిన లేదా గాయపడిన జంతువును మొదట చీకటిగా, నిశ్శబ్దంగా ఉన్న చోట ఉంచుతారు, పశువైద్యులు అవసరమైతేనే మత్తు ఇచ్చి పరీక్షిస్తారు, ఇతర జంతువులకు రోగాలు అంటకుండా కొంతకాలం విడిగా ఉంచుతారు. ఆ తర్వాత వేటాడగలదా, మేయగలదా, మనిషిని చూస్తే దూరంగా జరుగుతుందా అని గమనించి అడవికి పంపాలా, వద్దా అని నిర్ణయిస్తారు. జింక జాతి జంతువుల విషయంలో ఈ పని మరీ సున్నితమైనది. తరమడం వల్ల, పట్టుకోవడం వల్ల కలిగే భయానికి వాటి కండరాలు దెబ్బతిని, పైకి ఏ గాయమూ లేకున్నా గంటల్లో గాని, కొన్ని రోజుల్లో గాని చనిపోవచ్చు. ఊళ్ళోకి వచ్చిన దుప్పి చుట్టూ జనం మూగి సెల్ఫీలు దిగడం ఎంత ప్రమాదకరమో ఈ ఒక్క విషయం తెలిస్తే పిల్లలకు అర్థమవుతుంది.

‘అమ్మా, నయమైతే మళ్ళీ అడవిలో ఎందుకు వదలరు?’ అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. దానికి దాపరికం లేని జవాబు ఇవ్వండి. చిరుతపులి పిల్ల ఏడాదిన్నర నుంచి రెండేళ్ళ వరకు తల్లి వెంట తిరిగి వేట నేర్చుకుంటుంది. మనుషులు పాలు పట్టి పెంచిన పిల్లకు ఆ చదువు ఉండదు, మనిషంటే బెదురూ ఉండదు. అటువంటి దాన్ని వదిలితే అది ఆకలితో ఊళ్ళ వైపే వస్తుంది, చివరికి అదో, మనిషో నష్టపోతారు. అందుకే పిల్ల దొరికినప్పుడు దాన్ని తీసుకురావడం కన్నా తల్లికి అప్పగించడమే మేలైన రక్షణ. మహారాష్ట్రలోని జున్నర్ ప్రాంతంలో చెరకు తోటల్లో దొరికిన చిరుత పిల్లలను, దొరికిన చోటనే పెట్టెలో ఉంచి, రాత్రి తల్లి వచ్చి తీసుకువెళ్ళేలా చేసిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. అంటే బోనులో కనిపించే జంతువు సగం కథ మాత్రమే, బాగుపడి వెళ్ళిపోయినది మనకు ఎన్నడూ కనిపించదు. పిల్లలు ఈ మాటను పెద్దల కన్నా త్వరగా గ్రహిస్తారని నా అనుభవం.

ఇంట్లో తాత, నానమ్మ ఉంటే వారినీ ఈ మాటల్లో కలుపుకోండి. ముక్కుకు తాడు వేసి ఎలుగుబంటిని ఇంటింటికీ తిప్పి ఆడించేవారిని, సర్కసులో నిప్పు వలయం దూకే సింహాలను వారు చూసి ఉంటారు. ఎలుగుబంటి, కోతి, పులి, చిరుతపులి, సింహాలను ఆటలకు వాడకూడదని కేంద్ర ప్రభుత్వం 1998లో ప్రకటించింది, సుప్రీంకోర్టు 2001లో దాన్ని సమర్థించింది. అలా విడిపించిన సర్కసు సింహాలకు, పులులకు విశాఖపట్నం, తిరుపతి వంటి చోట్ల, ఆడించే ఎలుగుబంట్లకు ఆగ్రాలో, బెంగళూరు దగ్గరి బన్నేరుఘట్టలో ఆశ్రయం కల్పించారు. ఎలుగుబంటినే నమ్ముకుని బతికిన కలందర్ కుటుంబాలకు వేరే జీవనాధారం చూపడం కూడా ఆ పనిలో భాగమైంది, లేకపోతే ఆ మార్పు నిలిచేది కాదు. పెద్దవారు తాము చూసినది చెప్పి, చట్టం ఎందుకు వచ్చిందో కూడా చెబితే పిల్లలకు పుస్తకం అక్కరలేదు.

4. సంచిలో ఏం ఉండాలి

తాగునీరు, టోపీలు, పెద్దవారి మందులు, వీలైతే ఒక బైనాక్యులర్ ఉంటే చాలు. చిప్స్ పొట్లాలు, పల్లీలు, ప్లాస్టిక్ సంచులు ఇంట్లోనే వదిలేయండి. భోజనం తెచ్చుకుంటే, తినడానికి కేటాయించిన చోటనే తిని, మెతుకు కూడా మిగలకుండా సర్దుకోండి. మెరిసే రంగుల కన్నా మట్టి రంగు, ఆకుపచ్చ బట్టలు మంచివి.

5. ఎన్‌క్లోజర్ ముందు ఎలా నిలబడాలి

వన్యప్రాణి చట్టంలోని 38జె సెక్షను ప్రకారం జూలో జంతువును ఏడిపించడం, గాయపరచడం, దానికి తిండి పెట్టడం, చప్పుడు చేసి బెదరగొట్టడం, చెత్త వేయడం నేరం. గేటు దగ్గరి బోర్డులో ఇవన్నీ ఉంటాయి గాని, ఎందుకో ఉండదు. ప్రేమతో విసిరిన అరటిపండు తొక్కతో పాటు క్యారీ బ్యాగు కూడా జింక కడుపులోకి పోతుంది, అది పేగుల్లో చిక్కుకుంటే శస్త్రచికిత్స తప్ప దారి లేదు. పైగా ప్రతి జంతువుకూ పశువైద్యులు కొలిచి ఇచ్చే ఆహారం ఉంటుంది. కోలుకుంటున్న జంతువుకు మన బిస్కెట్టు ముద్ద మందుకే అడ్డు.

చేరగానే కనీసం పది నిమిషాల పాటు మాట్లాడకుండా నిలబడండి. ఈ నియమం కష్టంగా తోచినా, ఫలితం దీనితోనే ఉంది. చుక్కల దుప్పి ముందు కాలు నేలకు కొట్టి, తోక పైకి లేపితే అది మిమ్మల్ని ప్రమాదంగా భావించిందని అర్థం, అప్పుడు రెండడుగులు వెనక్కి వేసి మళ్ళీ మేత మొదలుపెట్టే వరకు ఆగండి. చిరుతపులిగాని, నక్కగాని ఒకే గీత మీద అదే పనిగా అటూ ఇటూ తిరుగుతూ ఉంటే, అది ‘కాపలా కాస్తోంది’ అని పిల్లలకు చెప్పకండి. అది నిర్బంధంలో ఉన్న జంతువులకు కలిగే ఒత్తిడికి గుర్తు. దాన్ని తగ్గించడానికే సిబ్బంది చెట్టు మొద్దులు, ఎక్కే గట్లు, దాచిపెట్టిన ఆహారం వంటివి ఏర్పాటు చేస్తారు. అవి ఎక్కడెక్కడ ఉన్నాయో వెతకమని పిల్లలకు చెబితే వారికి చేతినిండా పని దొరుకుతుంది.

జంతువు కనిపించకపోతే రాయి విసరడం, ఊచలు తట్టడం, ఈల వేయడం చేయకండి, పక్కవారు చేస్తుంటే మర్యాదగా వారించండి, వినకపోతే సిబ్బందికి చెప్పండి. దాక్కునే చోటు ఉండడం జంతువుకు హక్కు వంటిది, దాన్ని మనం గౌరవించాలి. ఫోటో తీసుకోవచ్చు గాని ఫ్లాష్ వాడకూడదు. పిల్లలను కంచె మీద కూర్చోబెట్టి ఫోటో తీయడం మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయకండి.

6. ఎలుగుబంటి దగ్గర ఎక్కువసేపు ఆగండి

అన్నింటికీ సమానంగా సమయం పంచనక్కరలేదు. మన ప్రాంతపు అడవి కథ ఏదైనా ఒక్క జంతువు ద్వారా చెప్పాలంటే నేను ఎలుగుబంటినే ఎంచుకుంటాను. దాని పొడవైన గోళ్ళు చూపించండి, అవి పుట్టలు తవ్వడానికి. పై దవడలో ముందరి రెండు పళ్ళు లేకపోవడం వల్ల ఆ సందులోంచి చెదపురుగులను గాలితో సహా పీల్చుకుంటుంది. తల్లి ఎలుగుబంటి పిల్లలను వీపు మీద మోసుకుని తిరుగుతుంది. ఇప్పపువ్వు, తునికి పండ్లు దానికి ఎంతో ఇష్టం, అవే మన గిరిజన కుటుంబాలకు వేసవి జీవనాధారం. ఇప్పపువ్వు రాలే మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారకముందే చెట్టు కిందికి ఇద్దరూ చేరడం వల్లనే ఎన్నో దాడులు జరుగుతాయి. ఎలుగుబంటికి చూపు అంత చురుకైనది కాదు, దగ్గరికి వచ్చాక ఉలిక్కిపడి మీద పడుతుంది.

కరీంనగర్ చుట్టూ ఉన్న గ్రానైట్ గుట్టల్లోని గుహలు, రాతి సందులు ఎలుగుబంట్లకు తరతరాల ఇళ్ళు. గుట్టలను క్వారీలు తొలుస్తూ పోయిన కొద్దీ అవి పట్టణ శివార్లకు రావడం మొదలైంది. ఎలుగుబంటి ఊళ్ళోకి వచ్చిందని మనం చెప్పుకుంటాం గాని, ఊరు ఎలుగుబంటి ఇంటి దాకా వెళ్ళిందని చెప్పడమే న్యాయం. ఈ మాట పిల్లల ముందు చెప్పడానికి సంకోచించకండి, మన ఇళ్ళలోని గ్రానైట్ గట్టు ఎక్కడిదో వారికీ తెలియాలి.

7. జంతు సంరక్షకులతో మాట్లాడండి

మేత వేసే సిబ్బంది పని ముగించుకుని తీరికగా ఉన్నప్పుడు నమస్కారం పెట్టి అడిగితే, చాలామంది ఆనందంగా చెబుతారు. అన్నా, అక్కా అని పలకరించి, ఇది ఎక్కడి నుంచి వచ్చింది, వచ్చినప్పుడు ఎలా ఉంది, ఇప్పుడు ఏం తింటుంది, మిమ్మల్ని గుర్తు పడుతుందా అని పిల్లల చేతనే అడిగించండి. ‘ఒకసారి ముట్టుకోనిస్తారా’ అని మాత్రం అడగవద్దు, దగ్గరికి తీసుకువెళ్ళమని డబ్బు ఇవ్వజూపవద్దు. అది ఆ ఉద్యోగిని ఇరకాటంలో పెట్టడమే. ఏదైనా చేయాలనే మనసు ఉంటే, హైదరాబాద్ నెహ్రూ జూ పార్కులో ఉన్నటువంటి జంతువుల దత్తత పథకం ఇక్కడ కూడా ఉందా అని కార్యాలయంలో విచారించండి. పుట్టినరోజు ఖర్చులో కొంత ఒక తాబేలు మేతకు వెళ్ళినా మంచిదే.

ఇక్కడే మరో జాగ్రత్త చెప్పాలి. రక్షణ కేంద్రం అనే బోర్డు పెట్టుకుని అడవి జంతువు పిల్లలను ఒళ్ళో పెట్టి ఫోటోలు తీయించే చోటు, చిలుకలను భుజాల మీద కూర్చోబెట్టే చోటు, జంతువులు ఎక్కడి నుంచి వచ్చాయో అడిగితే చెప్పలేని చోటు ఎంత పేరున్నదైనా మీ డబ్బుకు తగదు. నిజంగా కాపాడేవారు జంతువుకూ, మీకూ మధ్య దూరం పెంచుతారు.

8. ఇంటికి వచ్చాక

పిల్లలతో ఒక్కో జంతువు గురించి నాలుగు వాక్యాలు రాయించండి. ఆ తర్వాత ఇంటిని, పెరటిని ఒకసారి చూడండి. పంజరంలో రామచిలుక ఉంటే, లేదా అదృష్టం కలిసివస్తుందని ఎవరైనా ఇచ్చిన నక్షత్ర తాబేలు ఉంటే, అవి చట్టం రక్షించే జీవులని, వాటిని పెంచడం నేరమని తెలుసుకోండి. అలాగని వాటిని తీసుకెళ్ళి చెట్టు మీదో, చెరువు గట్టునో వదిలేయకండి. రెక్కలు కత్తిరించిన చిలుక పిల్లికి చిక్కుతుంది, మెట్ట పొదల్లో బతికే నక్షత్ర తాబేలు నీళ్ళలో వదిలితే మునిగిపోతుంది. అటవీ శాఖకు అప్పగించడమే సరైన దారి. సంక్రాంతికి పతంగుల కోసం నైలాన్ మాంజా కొనకండి, జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లోనే దాన్ని నిషేధించింది.

పొలంలో గడ్డి మధ్య ఒంటరిగా పడుకున్న దుప్పి పిల్ల కనిపిస్తే, అది అనాథ అనుకుని ఎత్తుకు రాకండి. తల్లి మేతకు వెళ్ళేటప్పుడు దాన్ని అలాగే దాచి వెళుతుంది, అది కదలకుండా ఉండడమే దాని రక్షణ. కుక్కలను దూరంగా తోలి, మీరూ దూరంగా జరగండి. పక్షి నిజంగా గాయపడి ఉంటే, దాని మీద గుడ్డ కప్పి, గాలి ఆడే రంధ్రాలున్న అట్టపెట్టెలో పెట్టి, చీకటిగా, చప్పుడు లేని చోట ఉంచండి. నోట్లో నీళ్ళు పోయకండి, పాలు, అన్నం పెట్టకండి. బావిలో పడిన జంతువు విషయంలో తాళ్ళతో స్వయంగా దిగకండి, ఊరి జనాన్ని దూరంగా నిలిపి అటవీ సిబ్బందిని పిలవండి.

మీ ప్రాంతపు అటవీ రేంజ్ కార్యాలయం నంబరును, బీట్ ఆఫీసరు నంబరును ఈ ప్రయాణానికి ముందే తెలుసుకుని ఫోనులో రాసిపెట్టుకోండి. అడవి జంతువు ఏదైనా ఏ కారణంతోనైనా మీ చేతికి వస్తే, 48 గంటల్లోపు పోలీస్ స్టేషనుకు గాని, అటవీ అధికారికి గాని తెలియజేయాలని చట్టం చెబుతోంది. గాయపడిన జంతువు విషయంలో అంతసేపు కూడా ఆగకుండా, చూసిన వెంటనే ఫోను చేయండి.